నోరీన్ వోటు

మళ్ళీ తలుపు చప్పుడైంది.

డెల్బర్ట్ సూపు కలుపుతున్న గరిటెను విసురుగా పక్కన పెట్టాడు.

"ఎన్నికలు అయిపోయినా వదలరా వీళ్ళు!"

వాకిట్లో ఒక నెరిసిన జుట్టావిడ నిలబడి ఉంది. బూట్ల నిండా బురద.

"నోరీన్ గారున్నారా అండీ?"

"ఏం పని?"

"వోటు విషయం. ఆమెతోనే మాట్లాడాలి. రెండు నిమిషాలు చాలు."

వోటు అన్న మాట వినగానే అతనికి ఒళ్ళు మండింది.

వేసవి పోయిన దగ్గర్నుంచీ ఇదే గోల. భోజనానికి కూర్చుంటే ఫోను, కునుకు తీస్తే ఫోను. ఈ పార్టీ వాళ్ళు వెళ్ళగానే ఆ పార్టీ వాళ్ళు. ఒకరినొకరు తిట్టుకునే రంగు కాగితాలు పోస్టుపెట్టె నిండా. నోరీన్ అడిగి తీసుకున్న వోటు కవరు తప్ప, ఎన్నికల ముద్ర ఉన్న ప్రతి కవరునూ అతను విప్పకుండానే కట్టెల పొయ్యిలో వేసేవాడు.

ఊళ్ళో ఆసుపత్రి మూతపడినప్పుడు మాత్రం ఏ పార్టీవాడూ తలుపు తట్టలేదు.

అతని భార్య నోరీన్‌కు మూత్రపిండాలు పాడయ్యాయి. రక్తం శుద్ధి చేయించుకోవాలంటే ఆ గోధుమ పొలాలన్నీ దాటి, కొండ దిగి, నదికి అవతల ఉన్న పట్నానికి వెళ్ళాలి. వెళ్ళినప్పుడల్లా ఆమెలో కొంచెం అక్కడే మిగిలిపోయి వస్తున్నట్టుండేది.

"ఏ రాయైతేనేం, పళ్ళూడగొట్టుకోడానికి! నేను మాత్రం వోటు వెయ్యను," అని ఎన్నికల ముందే తేల్చేశాడు డెల్బర్ట్.

నోరీన్ వినలేదు. ఆసుపత్రి తెరిపిస్తానన్న అభ్యర్థి హోల్కమ్ పేరున్న బోర్డును పట్టుబట్టి వాకిట్లో పాతించింది. పోస్టులో వచ్చిన వోటు కాగితాన్ని మంచం మీదే నింపింది. చెయ్యి వణికిపోతుంటే డెల్బర్ట్ కాగితం కదలకుండా పట్టుకున్నాడు. కవరు మీద సంతకం మాత్రం ఆమె ఒక్కతే పెట్టింది.

"ఇంకో ఆడది ఈ దారిలో నాలా నలిగిపోకూడదు డెల్," అంది.

ఇదంతా వాకిట్లో ఉన్నావిడకు ఎందుకు చెప్పాలి?

"మా ఇంట్లో వోట్లు అయిపోయాయమ్మా. పక్కింట్లో అడుక్కోండి."

"ఆమె వేశారని తెలుసండీ. దాంట్లోనే చిన్న చిక్కు వచ్చింది. ఆమె సంతకం..."

"ఓహో, ఇప్పుడు సంతకాలా? రేపు చందాలా? ఆమె ఇందాకే పట్నం నుంచి వచ్చి పడుకుంది. లేపను."

"లేపకండి పాపం. లేచేదాకా నేను కార్లో కూర్చుంటాను."

"కూర్చోండి. కుక్కని వదులుతాను."

తలుపు వేసేశాడు.

ఆవిడ నిజంగానే కూర్చుంది. హోల్కమ్ బోర్డు పక్కనే కారు. అద్దాల మీద వాన ధారలు. సూపు ఉడికి చల్లారింది కూడా. కారు కదల్లేదు.

డెల్బర్ట్ కుక్కను వదిలాడు.

అది కారు చుట్టూ తిరిగి, అద్దాల మీదికి ఎగిరి మొరిగింది. కాసేపటికి కారు మెల్లగా మట్టిరోడ్డెక్కింది.

మొరుగుడికి నోరీన్‌కు మెలకువ వచ్చింది.

"ఎవరు డెల్?"

"పార్టీ మనుషులు."

"నాకోసమా?"

"నీకోసం ఎవరొస్తారే పిచ్చిదానా! వోటుకోసం."

ఆమె నవ్వింది.

"నాది లెక్కపెట్టే ఉంటారు కదూ?"

"లెక్కపెట్టక పచ్చడి పెట్టుకుంటారా? పడుకో."

హోల్కమ్ గెలిచాడని రేడియోలో చెప్పిన రోజు నోరీన్ మంచం మీదే చప్పట్లు కొట్టింది. చప్పుడు రాలేదు.

"అందులో నాదీ ఒకటి," అంది.

ఆ వారంలోనే పోయింది.

సమాధి దగ్గర్నుంచి అందరూ చర్చి హాలుకు వచ్చారు. బల్ల మీద హామ్, బంగాళాదుంపలు, ఎవరో చేసి తెచ్చిన యాపిల్ పై. డెల్బర్ట్ పళ్ళెం ముట్టకుండా కూర్చున్నాడు. తల తిప్పితే వంటగదిలో కప్పులు కడుగుతూ ఆ నెరిసిన జుట్టావిడే!

పక్కన కూర్చున్న వాండా వైపు వంగాడు. ఊళ్ళో హోల్కమ్ పార్టీ పనులు చూసేది ఆమే.

"చావు భోజనాల్లో కూడా వోట్లేనా వాండా? ఆవిణ్ణి ఎవరు రానిచ్చారు?"

"ఆవిడ నీకు తెలుసా?"

"మా ఇంటికొచ్చింది. కుక్కని వదిలాను."

వాండా చేతిలోని కాఫీ కింద పెట్టేసింది.

"అయ్యో డెల్బర్ట్... కవరు మీద నోరీన్ సంతకం ఆఫీసులో ఉన్న పాతదానితో కలవలేదయ్యా. చెయ్యి వణికింది కదా. లెక్కింపు ముగిసేలోపు మళ్ళీ ఒక్క సంతకం పెట్టి పంపితే సరిపోయేది. ఎన్నికల ఆఫీసువాళ్ళు మీ ఇంటికి ఉత్తరం కూడా వేశారే!"

డెల్బర్ట్ కళ్ళ ముందు కట్టెల పొయ్యి మెదిలింది.

"అయితే దాని వోటు?"

"లెక్కలోకి రాలేదు. గడువు దాటిపోయింది."

ముందున్న పళ్ళేన్ని పక్కకు తోసేశాడు.

"వోటు వెయ్యమని పీక్కుతిన్నారుగా మీవాళ్ళు! ఇది చెప్పడానికి ఒక్కడూ రాలేదేం?"

వాండా తల దించుకుంది.

"ఇలా వోటు ఆగిపోయినవాళ్ళ పేర్లు రెండు పార్టీలకీ తెలుస్తాయి. ఎవరి మనుషుల దగ్గరికి వాళ్ళు వెళ్తారు. ఎలాగూ గెలుస్తున్నాం, ఒక్క వోటుకోసం ఆ బురదలో ఎవరు పోతారన్నారు మావాళ్ళు."

"ఆవిడ వచ్చిందిగా!"

"ఆవిడ మా పార్టీ కాదు."

డెల్బర్ట్ లేచి వంటగది వైపు చూశాడు. కడిగిన కప్పులు బోర్లించి ఉన్నాయి. ఆవిడ లేదు.

"వాకిట్లో బోర్డు చూసే ఉంటుంది కదా. నోరీన్ ఎవరికి వేసిందో ఆవిడకి తెలీదా?"

"తెలీకేం?" అంది వాండా. "హోల్కమ్ చేతిలో ఓడిపోయిన అమ్మాయి లేదూ, ఆ అమ్మాయి కన్నతల్లి ఆవిడ."