నిచ్చెన పేరెత్తిందెవరు?

"ఆవిడ చెవిలో ఏం ఊదుతున్నావమ్మా? నిచ్చెనకు వెయ్యమనేనా?"

పోలింగ్ అధికారి గొంతు వరండా చివరిదాకా వినిపించింది. వరుసలో ఉన్న దర్జీ భార్య బిత్తరపోయింది.

"అయ్యో సార్, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను. నన్ను ముందు పోనిస్తారా అని అడుగుతున్నా."

అధికారి నమ్మలేదు. నిచ్చెన గుర్తువాళ్లు వరుసల్లో దూరి ప్రచారం చేస్తారని ముందురోజు మీటింగులో పైవాళ్లు మరీ మరీ చెప్పారు. నెలాఖరుకు ఆయన రిటైర్మెంటు. తన కేంద్రంలో ప్రచారం జరిగిందని ఒక్క రిమార్కు పడితే పింఛను ఆగిపోతుంది. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగం బూడిదలో పోసిన పన్నీరే.

అందుకే ఆయన లోపల కుర్చీలో కూర్చోలేదు. వరుస పక్కనే తిరిగాడు. మంగలి జేబులో కాగితం కనిపిస్తే బయటికి తీయించాడు.

"నిచ్చెన బొమ్మ ఉందా ఇందులో?"

అది మందుల చీటీ.

ఇద్దరు తోడికోడళ్లు కిసుక్కున నవ్వితే వెళ్లి మధ్యలో నిలబడ్డాడు. "నిచ్చెన అని గాని అన్నారో, బయటికి పంపించేస్తా!"

"మేం నవ్వేది మా అత్తగారి గురించి సార్. ఆవిడ పోటీలో లేదు."

మధ్యాహ్నం అవతలి పార్టీ ఏజెంటు విసురుగా వచ్చాడు. "వరుసలో ఎవరో నిచ్చెన, నిచ్చెన అని జనానికి నూరిపోస్తున్నారు. మావాళ్లు ముగ్గురు విన్నారు. ఎన్నికల పరిశీలకురాలికి ఫోన్ చేశా."

అధికారి గిర్రున వరుస వైపు తిరిగాడు. "నాకు తెలుసయ్యా! పొద్దున్నుంచీ నా అనుమానం అదే."

వరుస ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. "నిచ్చెనకు వెయ్యమన్నది ఎవరు? నిచ్చెన పేరెత్తింది ఎవరు?" అని ఒక్కొక్కరినీ నిలదీశాడు. అందరూ తల అడ్డంగా ఊపారు. తోడుదొంగలు, అని గొణుక్కున్నాడు.

పరిశీలకురాలు వచ్చేసరికి ఓటు వేసిన ముసలమ్మ ఒకామె మెట్లు దిగుతోంది.

"పెద్దమ్మా, దేనికి వేశావో చెప్పొద్దు. ఇక్కడ ఫలానా గుర్తుకు వెయ్యమని ఎవరైనా అన్నారా?" అని పరిశీలకురాలు అడిగింది.

"అన్నారు తల్లీ. చెవులు చిల్లులు పడేట్టు చెప్పారు."

అధికారి ఒక్క అంగలో ముందుకొచ్చాడు. "చూశారా మేడం! భయపడకు పెద్దమ్మా, పోలీసులున్నారు. ఎవరో చూపించు, ఇప్పుడే పట్టిస్తా."

ముసలమ్మ వేలెత్తి ఆయన్నే చూపించింది.