పాళెగాళ్ల ఇంటి గడప

“ఏం పెద్దమ్మా, ఈపొద్దు గూడా బయటేనా? లోపలికి రాకుంటే కాఫీ ఇచ్చేది లేదు!” నారాయణప్ప నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

“ఇయ్యకపోతే మాన్లేప్పా. రవ్వంతసేపు కూసోని పోతా,” అంది తిమ్మమ్మ. మెట్ల కింద ఎండలోనే చతికిలబడి తలుపు వైపు చూడసాగింది.

నారాయణప్పకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. గుమ్మఘట్ట నుంచి వచ్చి లేపాక్షి రోడ్డులో ‘రాయల విడిది’ హోటలు తెరిచి ఇంకా ఏడాది కాలేదు. బసవన్నను చూడ్డానికి వచ్చే బెంగుళూరు జనానికి ఒట్టి ఇడ్లీ చాలదని, హోటలంతా పాతకాలం సామాన్లతో నింపాడు. గోడలకు బల్లేలు, డాళ్లు. మూలలో పల్లకి. మంచినీళ్లకు ఇత్తడి గంగాళం. అన్నిటికంటే గొప్పది ముందు వాకిలి. పక్కూరి పాళెగాళ్ల ఇల్లు కరువులో పాడుబడి కూలిపోతే, ఆ తలుపును గడపతో సహా పెరికించి తెచ్చి ఇక్కడ బిగించాడు.

తలుపు బిగించిన కొన్నాళ్లకే తిమ్మమ్మ వచ్చింది. అప్పటి నుంచి సంతకు వచ్చినప్పుడల్లా వస్తుంది. హోటలు గ్లాసు ముట్టదు. తన గ్లాసు తానే తెచ్చుకుంటుంది. నారాయణప్ప పైనుంచి కాఫీ పోస్తే పట్టుకుని తాగి, కడుక్కుని పోతుంది.

“ఎంత మడి సూడు!” అన్నాడు ఒకరోజు భార్య హనుమంతమ్మతో. “పాళెగాళ్ల ఇంటి కోడలు గదా మల్ల. చీర చినిగినా ఆచారం చినగలా.”

“కోడలని ఆమె చెప్పిందా నీకు?”

“చెప్పల్లనా ఏంది? ఆ తలుపును చూసే చూపే చెప్తాంది. ఓడలు బండ్లయితాయి. ఈ కరువు ఎవర్ని ఇడ్సిపెట్టిందిలే!”

నారాయణప్పకు ఒక మాట తోస్తే చాలు, దానికి కొమ్ములూ తోకా తానే తగిలిస్తాడు. వచ్చిన ప్రతివాళ్లకూ, “అదిగో, ఆ ఇంటి కోడలే ఆమె” అని చూపించేవాడు. వాళ్లు బయటికి వచ్చి అడిగితే తిమ్మమ్మ మొహం వెలిగిపోయేది.

“పెండ్లంటే ఆ ఇంట్లో పెండ్లే! లోపల మేళం మోగితే ఊరి పొలిమేర దాకా ఇనపడేది. మద్దేనమైతే ఉయ్యాల కిర్రుకిర్రుమనేది. నెయ్యి కాంచితే వాసన వీధి మలుపు దాకా కొట్టేది.”

“ఎన్ని గదులుండేవమ్మా?” అని ఒకాయన అడిగాడు.

“శానా,” అని మొహం తిప్పుకుంది తిమ్మమ్మ. పాపం, దుఃఖం ఆపుకోలేకపోతోందని నారాయణప్ప ఆయనకు కళ్లతోనే సైగ చేశాడు.

ఈరోజు మాత్రం ఆమెకు చెప్పక తప్పని కబురు ఒకటుంది. చివరికి కాఫీ తెచ్చి ఆమె గ్లాసులో పోస్తూ అన్నాడు.

“పెద్దమ్మా, తలుపు అమ్మేసినా. బెంగుళూరులో ఒకాయన పెద్ద హోటలు కడతాండాడు. మద్దేనానికి లారీ వస్తాది.”

తిమ్మమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

“గడప గూడానా?”

“గడప గూడా.”

“అయితే ఇంగ కనపడదు.” ఆమె మళ్లీ గడప వైపు చూసింది. “ఆ గడప దాటి ఒక్కసారి లోపలికి పోవల్లని నా ఆశప్పా. అందుకే వస్తాండా. ఈడికొచ్చేతలికి కాలు ఆడదు.”

“ఎవరడ్డం పెద్దమ్మా? ఇప్పుడది హోటలు వాకిలి గదా!”

“నాకు తెలుసప్పా. నా కాలికి తెలీదు.”

నారాయణప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత పని చేశానురా దేవుడా, ముందే తెలిసుంటే ఏ దుడ్లకూ అమ్మేవాణ్ని కాదు గదా అని తనను తాను తిట్టుకున్నాడు. లోపలి నుంచి అంతా విన్న హనుమంతమ్మ పసుపు గిన్నెతో వచ్చింది. గడప కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది.

“పెద్దింటి కోడలు ఇంటికి తిరిగొస్తాంటే ఉత్త గడప మీదుగా పిలుస్తామా? రామ్మా!” అంది.

తిమ్మమ్మ లేచింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని మెట్లెక్కింది. తలుపు మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకుంది. ఎవరైనా గదమాయిస్తారేమో అన్నట్టు అటూ ఇటూ చూసింది. తింటున్నవాళ్లు కూడా చేతులాపి చూస్తున్నారు.

“రా తల్లీ, నీ ఇల్లే గదా ఇది!” అన్నాడు నారాయణప్ప.

“నా ఇల్లా!” తిమ్మమ్మ నవ్వింది. నవ్వుతుండగానే కన్నీళ్లు జలజలా రాలాయి. కళ్లు గట్టిగా మూసుకుని కుడికాలు లోపల పెట్టింది. తర్వాత వెనక్కి తిరిగి, తలుపు లోపలి వైపును రెండు చేతులతో తడిమింది.

“అమ్మా! ఈ పక్క గూడా పూలు చెక్కినారే!” అని గొణుక్కుంది.

వయసు మీద పడింది గదా, మరిచిపోయి ఉంటుందిలే అనుకున్నాడు నారాయణప్ప.

ఆ ఇంటి ముందు ఏళ్ల తరబడి కసువు ఊడ్చిన తిమ్మమ్మ ఆ గడప దాటడం, పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.