ఎవరి పనికొచ్చావు?

"బాబూ, ఆ కత్తి గోనెలో సుట్టుకో. ఇది కోర్టు వీధి."

టీ కొట్టు బల్ల మీద పక్కన కూర్చున్న ముసలాయన మెల్లిగా అన్నాడు.

పైడయ్యకు ఒళ్లు మండింది.

"నానేటి దొంగనా మావా? కొబ్బరి దింపుకునేవోణ్ణి. ఇది నా కూడు."

ఉద్దానం తోటల్లో పైడయ్య ఎక్కని కొబ్బరిచెట్టు లేదు. మూరెడు కత్తి నడుముకు కట్టుకుని చెట్టెక్కాడంటే గెలలన్నీ దింపి గాని దిగడు. ఊళ్లో ఆ కత్తిని ఎవరూ వింతగా చూడరు. టెక్కలిలో మాత్రం, పొద్దున్న బస్సు దిగినప్పటి నుంచీ జనం పక్కకి తప్పుకుని నడుస్తున్నారు. టీ కొట్టు ఆవిడ కూడా గ్లాసు దూరంగా పెట్టి పోయింది.

"ఎవరి పనికొచ్చావు?" ముసలాయన అడిగాడు.

"మా తోట ఆసామి సీతారాం బాబు పిలిసినారు. ఈడ అల్లుడిగారింట్లో సెట్లున్నాయంట. కోర్టు ఎదర టీ కొట్టు కాడ కూకో, మనిషొచ్చి తీసుకెల్తాడన్నారు. కత్తి మాత్రం మరిసిపోకని మరీ మరీ సెప్పినారు."

ముసలాయన తాగుతున్న గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

అతని ముఖం వంక చూశాడు. కాయలు కాసిన అరిచేతులు చూశాడు. చెట్టు రాపిడికి గీరుకుపోయిన మోచేతులు చూశాడు. ఇంకేమీ అడగలేదు. సగం టీ అలాగే వదిలేసి, రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

కాసేపటికి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి పైడయ్యను చెరో రెక్కా పట్టుకున్నారు.

"కత్తి ఇలా తియ్యి. నడు స్టేషనుకి."

ముసలోడే పట్టించాడు! పైడయ్య పళ్లు కొరుక్కున్నాడు.

స్టేషన్లో ఎస్సై కత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొబ్బరి కత్తే సార్!"

"తెలుస్తోందయ్యా. పనికి పట్టుకెళ్తే ఇది పనిముట్టు, నిన్నెవరూ ఏమీ అనరు. పని లేకుండా నలుగురు తిరిగే చోట పెట్టుకుని కూర్చుంటే ఇదే ఆయుధం. కేసవుతుంది, జైలుకీ పోతావు. అందుకే అడుగుతున్నాను. ఎవరి పనికొచ్చావు?"

పైడయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"సీతారాం బాబుకి ఫోన్ సెయ్యండి సార్. బాబు ఒక్క మాటంటే సాలు."

ఎస్సై ఫోను స్పీకర్లో పెట్టాడు.

"పైడయ్యా? ఏ పైడయ్య?" అంది సీతారాం గొంతు.

"నాను బాబూ! తోట పైడయ్యని!"

"ఓ, వాడా! తాగుతాడండీ వాడు. నేనెవర్నీ పిలవలేదు. మా అల్లుడుండేది అపార్ట్‌మెంటులో, అక్కడ కొబ్బరిచెట్లేమిటి? వాడి కత్తితో నాకేం సంబంధం? చట్టం తన పని తను చేసుకుపోతుంది, నేను అడ్డురాను."

ఫోను ఆగిపోయింది.

పైడయ్య గోడకు జారగిలబడ్డాడు. తిత్లీ తుఫానుకు తన ఇంటి రేకులు ఎగిరిపోతే, పెళ్లాం తడిసిన బియ్యం ముందు కూర్చుని ఏడుస్తుంటే, ఆ సంగతి తర్వాత చూసుకుందామని సీతారాం తోటకు పరుగెత్తినవాడు తను. పడిపోయిన చెట్లు నరికి నరికి అరిచేతులు పగిలిపోతే, "నువ్వు నా తమ్ముడివిరా" అన్న గొంతు కూడా ఇదే. కల్లు చుక్క నోట పెట్టనివాణ్ణి తాగుబోతన్నాడు.

స్టేషన్లో అన్నం పెట్టినా తినలేదు.

మధ్యాహ్నం దాటాక గుమ్మంలో మనిషి అలికిడైంది. పొద్దుటి ముసలాయన.

"ఈ మనిషిని నానే పిలిసినాను బాబూ. నా పనికే వచ్చినాడు."

ఎస్సై కుర్చీలోంచి లేచాడు.

"మీరా?"

"నానే."

"సన్యాసయ్య గారూ, మీరేం మాట్లాడుతున్నారో మీకు తెలుస్తోందా?"

"తెలుసు బాబూ. మా పెరట్లో సెట్లున్నాయి. గెలలు దింపాలి. రాసుకోండి, సంతకం పెడతాను."

ఎస్సై ఆయన్నీ, మూల కూర్చున్న పైడయ్యనీ మార్చి మార్చి చూశాడు. ఒక కాగితం మీద సంతకం తీసుకున్నాడు.

"ఇతని కత్తి ఇచ్చేసి పంపండి," అన్నాడు.

మెట్లు దిగుతూనే పైడయ్య విరుచుకుపడ్డాడు.

"పట్టించిందీ నువ్వే, ఇడిపించిందీ నువ్వేనా? ఏటీ నాటకం? ఆ సీతారామే అంపినాడు కదా నిన్ను? ఎల్లి సెప్పు. నాను సచ్చినా ఆ తోట గట్టు తొక్కను. నీ మొకం కూడా మరి నాకు సూపించకు!"

ముసలాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఇంటికెల్లు నాయనా. నీకోసం సూత్తుంటారు," అని ఆటో ఎక్కాడు.

ఆటో మలుపు తిరిగిపోయాక కానిస్టేబుల్ కత్తి తెచ్చి చేతికిచ్చాడు.

"ఆ మనిషిని తిట్టడానికి నీకు నోరెలా వచ్చిందిరా? మాకు ఫోన్ చేసింది టీ కొట్టు ఆవిడ."

పైడయ్య తెల్లబోయాడు.

"మరి ఈయనెవులు బాబూ?"

"కాసులమ్మ జీడితోటని సీతారాం తన తోటలో కలిపేసుకున్న కేసు తెలుసు కదా?"

తెలుసు. ఉద్దానమంతా తెలుసు. కళ్లారా చూసినవాళ్లు ఒక్కొక్కరే భయపడి తప్పుకున్నారనీ, పక్క తోట కౌలుకు చేసిన టెక్కలి వైపు మనిషొక్కడే సాక్ష్యానికి మిగిలాడనీ విన్నాడు.

"ఆ ఒక్కడూ ఈయనే. నీ కత్తి చూసి ఝడిసి వెనక్కి పోతాడని నిన్నక్కడ కూర్చోబెట్టారు. ఆయన కోర్టులో సాక్ష్యం చెప్పేసి, నిన్ను పట్టుకొచ్చారని విని, ఇంటికి కూడా పోకుండా నీకోసం ఇక్కడికొచ్చాడు."