వెనక ఎవరూ లేరు

“ఇంకొక్కసారి పెట్టన్నా, ప్లీజ్!” అన్నాడు ఆకాష్.

శ్రీనాథ్ ఆ వీడియోను టీవీలో మళ్లీ పెట్టాడు. ఆదివారం భోజనానికి సింగపూర్‌లో యీషున్ ప్రాంతంలోని అతని ఫ్లాట్‌కు వచ్చినవాళ్లంతా దాన్ని అప్పటికే ఫోన్లలో చూసేశారు. అయినా ఎవరికీ తనివి తీరడం లేదు.

వీడియోలో ఉన్నది వెంకటరాజు. మొన్నమొన్నటి దాకా రొయ్యల వ్యాపారి. ముఖ్యమంత్రి వియ్యపురాలికి స్వయానా తమ్ముడు. అంతకుమించిన అర్హత ఏమైనా ఉందేమో ఎవరికీ తెలియదు. ఉన్నట్టుండి సొంత రాష్ట్రంలో సమాచార శాఖ మంత్రి అయిపోయాడు. పోయిన వారం ఇక్కడ సింగపూర్‌లో ఏదో సదస్సుకు వచ్చాడు. వేదిక మీద ఎవరో ఇంగ్లీషులో ప్రశ్న అడిగారు. ఆయన నోరు మెదపలేదు. చెవి తడుముకున్నాడు. హాలు వెనక్కి చూశాడు. మళ్లీ చెవి తడుముకున్నాడు. జనంలో కిసకిసలు. చివరికి పక్కాయన జాలిపడి మైకు తీసుకున్నాడు.

అంతే వీడియో. ఎవరో దానికి ‘మూగ సమాచార శాఖ’ అని పేరు పెట్టి వదిలారు. రాష్ట్రం రాష్ట్రమంతా పగలబడి నవ్వింది.

“రొయ్యలమ్ముకునేవాడికి సమాచార శాఖేంటి బాబూ! మా బ్యాంకులో క్లర్కు జాబ్‌కి కూడా మూడు ఇంటర్వ్యూలు పెడతారు,” అన్నాడు శ్రీనాథ్.

“వెనక్కి ఎలా చూస్తున్నాడో చూడన్నా. చీటీ అందించేవాడు ఉన్నాడేమో!”

“వెనక ఎవరూ లేరు,” అంది హైమావతి.

అందరూ ఆమె వైపు తిరిగారు. అంతసేపూ ఆమె సోఫా చివర కూర్చుని ఉంది. కంచంలో పులిహోర కలిపింది కలిపినట్టే ఉంది.

“నువ్వున్నావుగా వెనక!” భువన నవ్వింది. శ్రీనాథ్ భార్య, హైమావతికి ఇక్కడ దొరికిన మొదటి స్నేహితురాలు. “ఏదో హెల్ప్ చెయ్యమని పిలిచారు, వెళ్తున్నానన్నావు కదే.”

“ఆ... చిన్న హెల్పే.”

“ఐతే లైవ్‌లో చూశారా అక్కా!” ఆకాష్‌కు ప్రాణం లేచొచ్చింది. “చెప్పండి చెప్పండి. ఫుల్ కామెడీయా?”

“అంతకుముందు బాగానే మాట్లాడారాయన. అది ఎవరూ పెట్టలేదు.”

“మరి ఆ ప్రశ్నకేమైంది?”

హైమావతి గ్లాసు అందుకుంది. మంచినీళ్లు తాగింది.

“దగ్గర్నించి చూశావా? నీతో ఏమైనా మాట్లాడాడా?” అంది భువన.

“అయిపోయాక బయట కనిపించారు. భోంచేశావా అమ్మా అని అడిగారు.”

ఇల్లంతా గొల్లుమంది. “హమ్మయ్య, ఆ ఒక్క ప్రశ్నైనా వచ్చన్నమాట!” అన్నాడు శ్రీనాథ్. హైమావతి కూడా నవ్వబోయింది. చేతకాలేదు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు. ఉంటే ఎంత బాగుండేది!

ఆకాష్ పెరుగన్నం కోసం లేస్తూ తన చోట టిష్యూ ప్యాకెట్ పెట్టాడు. “చోప్ చేశా. ఎవరూ కూర్చోవద్దు.”

“ఇంట్లో కూడానా! ఇదేమైనా హాకర్ సెంటర్ హోటలా, టిష్యూ పెట్టి టేబుల్ ఆపుకోవడానికి!” అని భువన కసిరింది. హైమావతి ఆ ప్యాకెట్‌ను కాసేపు చూసింది. తర్వాత దాన్ని తీసి తన వెనక, ఎవరికీ కనబడకుండా పెట్టేసింది.

శ్రీనాథ్ తెలుగు వార్తల ఛానల్ పెట్టాడు. విమానాశ్రయంలో వెంకటరాజును విలేకరులు చుట్టుముట్టారు. సార్, సింగపూర్‌లో ఎందుకు మాట్లాడలేకపోయారు? అసలేం జరిగింది? ఆయన కారు తలుపు పట్టుకున్నాడు. “నాకే తెలియలేదండీ. తప్పు నాదే. ఇంకెవరిదీ కాదు,” అని కారెక్కాడు. కింద అక్షరాలు పరిగెడుతున్నాయి. ముఖ్యమంత్రి అత్యవసర సమావేశం. సమాచార శాఖ మంత్రిని తప్పిస్తారా?

“తప్పించక! ఒప్పేసుకున్నాడుగా,” అన్నాడు శ్రీనాథ్.

హైమావతి ఆ అక్షరాల్నే చదువుతోంది. సమావేశం ఇంకా అవలేదు. ఇప్పుడైనా జరిగింది జరిగినట్టు ఈ నలుగురి ముందు చెప్పవచ్చు. శ్రీనాథ్‌కు పాతిక గ్రూపులున్నాయి. వీడియో పాకినంత వేగంగా కాకపోయినా ఆ మాటా పాకుతుంది. ఒక మనిషి పరువు నిలబడుతుంది. వారం రోజులుగా రోజూ అనుకుంటోంది, ఈరోజు చెప్పేద్దామని. వారం రోజులుగా నోరు కుట్టేసుకుని కూర్చుంటోంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

“శ్రీనాథ్ గారూ,” అంది.

“చెప్పండి.”

అందరూ ఆమెనే చూస్తున్నారు. నవ్వు ఇంకా వాళ్ల ముఖాల మీదే ఉంది.

“సౌండ్... కొంచెం తగ్గిస్తారా?”

ఆయన తగ్గించాడు. ఆ తర్వాత ఎంతోసేపు పట్టలేదు. తెర మీద ఎర్రటి పట్టీ పడింది. వెంకటరాజు రాజీనామా.

ఆకాష్ ఈల వేశాడు. శ్రీనాథ్ చప్పట్లు కొట్టాడు. “పబ్లిక్ పవర్ అంటే ఇదీ! ఇకనైనా చదువుకున్నవాళ్లకిస్తారు,” అన్నాడు. భువన ఆ సంతోషంలో అందరికీ ఇంకో గరిటె పాయసం వడ్డించింది.

“నీకేమైందే? ఏమీ తినలేదు. భోంచెయ్యవా?”

ఆ మాటకు హైమావతి కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం అంది. పులిహోరలో కారమేమిటని భువన ఆశ్చర్యపోయింది.

హైమావతి కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. హాల్లో ఆ వీడియో మళ్లీ మొదలైంది.

వేదిక మీద వెంకటరాజు చెవి తడుముకుంటూ హాలు వెనకనున్న అనువాదకుల అద్దాల గది వైపు చూసిన ఆ క్షణాన, అడిగిన ప్రశ్నను ఇయర్‌ఫోన్‌లో ఆయనకు తెలుగులో చెప్పాల్సిన హైమావతి, ‘రొయ్యల వ్యాపారిని ఇంకెవరు ఏం అడుగుతార్లే’ అనుకుని ఆ గదిలోంచి లేచొచ్చి, కింద హాకర్ సెంటర్‌లో తన భోజనానికి టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెడుతోంది.