పెద్దదిక్కు

"ఈ పిల్లకు జడలు వేసి బడికి పంపింది నేనండీ. ఇవాళ నన్నే కోర్టుకు లాగింది," అన్నాడు బాబాయి బోనులో నిలబడి.

అందులో అబద్ధం లేదు. అన్నావదినలు ఒకేసారి పోయాక వాళ్ల కూతుర్నీ, వాళ్ల ప్రింటింగ్ ప్రెస్సునీ ఆయనే నెత్తికెత్తుకున్నాడు. పిల్లను బాగానే పెంచాడు. ప్రెస్సే ఆయన చేతిలో నిలవలేదు. "అన్నా" అని పిలిచిన ప్రతివాడికీ కరిగిపోయే మనిషి. ఎవడి మాటో నమ్మి పెద్ద మిషను ఇచ్చేసి, నది లేని ఊళ్లోకి పడవ తెచ్చుకున్నాడు. అది ఇప్పుడు పెరట్లో ఉంది. దాని నిండా వాననీళ్లు, కప్పలు.

ఈమధ్య ఇంకొకడు వచ్చాడు. ఇల్లు రాసిస్తే అక్కడ సినిమా హాలు కట్టి, బాల్కనీలో ఒక కుర్చీ శాశ్వతంగా ఆయన పేరు మీదే ఉంచుతానన్నాడు. బాబాయి మురిసిపోయాడు. మర్నాడే అమ్మాయి లాయరు దగ్గరికి వెళ్లి, బాబాయి సంరక్షణ తనకు అప్పగించమని దావా వేసింది.

బాబాయి తరఫు లాయరు సంరక్షణ అన్న మాటనే పట్టుకున్నాడు. పాత దస్తావేజుల్లో అది పెద్దవాళ్ల హక్కుగానే ఉందనీ, చిన్నవాళ్ల ఇష్టాయిష్టాలతో దానికి పనిలేదనీ సాగదీశాడు. జడ్జిగారికి ఆవలింతలొచ్చి, ఆ మాటకు అర్థం తేల్చమని నిఘంటువులు రాసే పండితుణ్ణి పిలిపించారు.

పండితుడు ఉత్సాహంగా అందుకున్నాడు. సంరక్షణన్నా పాలనన్నా మొదట్లో కాచడమేననీ, గోపాలుడంటే ఆవుల్ని కాచేవాడనీ, భూపాలుడంటే నేలను కాచేవాడనీ, రానురాను కాచేవాళ్లంతా ఏలేవాళ్లై కూర్చున్నారనీ, అందుకే పాలన అంటే ఇప్పుడెవరికీ కాపాడటం గుర్తుకు రాదనీ చెప్పుకుపోయాడు.

"వయసు సంగతి చెప్పండి," అన్నారు జడ్జిగారు.

"కాపరి ఎద్దుకన్నా పెద్దవాడై ఉండాలని ఏ నిఘంటువులోనూ లేదండీ."

హాలంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా బాబాయే నవ్వాడు. అమ్మాయి మాత్రం చున్నీ అంచు మెలిపెడుతూ కూర్చుంది.

"బాగా ఆలోచించుకున్నావా తల్లీ? మళ్లీ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండాలి," అన్నారు జడ్జిగారు.

"ఉంటామండీ. బాబాయి చెడ్డవాడు కాదు. ఇల్లొకటి మిగిలితే చాలు."

జడ్జిగారు కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. బాబాయి చొక్కా సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు.

ఇకపై ఎక్కడ సంతకం పెట్టాలన్నా, బాబాయి తన సంరక్షకురాలైన అన్న కూతుర్ని అడిగే పెట్టాలని తీర్పు వచ్చింది.