తలుపు అడిగిన లెక్క

మనుషుల బుర్రలు మరీ మొద్దుబారిపోతున్నాయని, ఆ రోజుల్లో ప్రతి ఇంటి తలుపుకీ లెక్క అడగడం నేర్పారు. తలుపు ఒక సంఖ్య చెబుతుంది. దాన్ని కంప్యూటర్ల పద్ధతిలో ఒకట్లు, సున్నాలుగా రాసి, ఆ వరసను తిరగేస్తే వచ్చే సంఖ్య చెబితేనే గడియ తీస్తుంది.

వకుళ కూరలూ, అత్తగారి ఆయాసం మందూ కొనుక్కొచ్చేసరికి తలుపు, "ముప్పై ఏడు" అంది. లోపల సూరమ్మ ఊపిరందక కుర్చీలోంచి లేవలేకపోతోంది. కంగారులో వకుళ రెండుసార్లు తప్పు చెప్పింది. మూడోసారీ తప్పితే గంటదాకా తలుపు తెరుచుకోదు.

"అత్తయ్యా, వింటున్నారా?"

జవాబుగా పిల్లికూతలు మాత్రమే వినిపించాయి.

వకుళ సంచిని గుమ్మంలో కుమ్మరించింది. ఒకటికి బెండకాయ, సున్నాకి టమాటా చొప్పున పేర్చింది. బెండకాయ, రెండు టమాటాలు, బెండకాయ, టమాటా, బెండకాయ. ఆ వరసను కుడినుంచి ఎడమకు చదువుతూ కూడుకుంది.

"నలభై ఒకటి!" అని అరిచింది.

తలుపు తెరుచుకుంది. వకుళ పరుగున వెళ్లి అత్తగారి చేత మందు పీల్పించింది. కాసేపటికి సూరమ్మ తేరుకుని కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నలభై ఒకటని నాకెప్పుడో తెలిసిందే అమ్మాయ్. చెబుదామంటే గొంతు పెగిలితేనా!"