తెల్ల గీత

పెన్నకు రెండోసారి వరద వచ్చిన ఏడాది అది. చచ్చిపోయినవాళ్ల బూడిదను రాళ్లుగా ఒత్తించి గూట్లో పెట్టుకోవడం అప్పటికి ఇంటింటా ఉంది. రోజూ పొద్దున్నే ఆ రాళ్లు వాళ్ల గొంతుతోనే పలకరించేవి. వరద నీళ్లు ఊళ్లోని రాళ్లన్నిటినీ కలిపేశాయి. తడికి అన్నీ మూగబోయాయి.

నరసమ్మ మూడు తెల్లరాళ్లు కొంగున కట్టుకుని, బరువైన ముగ్గురాయి తవ్వే గనిలో రాళ్లు ఏరిన ముసలి ఓబయ్య దగ్గరికి వచ్చింది.

"వీట్లో మా ఆయన యాడుండాడో చెప్పు మామా."

మనిషి రాయి తేలిక. గీస్తే బూడిదరంగు గీత పడుతుందని ఓబయ్యకు తెలుసు. గరుకు పెంకు మీద ఒక్కొక్కటే గీశాడు. రెండింటికి బూడిదరంగు గీతే పడింది. మూడోది చేతికి బరువుగా తగిలింది, తెల్లగా గీసింది. ఉత్త ముగ్గురాయి. అందులో మనిషి లేడు.

నరసమ్మ దాన్నే లాక్కుంది. "ఈ బరువు నా చెయ్యి మర్సిపోతాదా? ఏడేండ్లు మోసినా!"

ఆమె అరచేతి వేడికి ఆరిన రాయి పలికింది. "నర్సీ, కాఫీ తాగినావా?"

"చచ్చినా కాఫీ యావే!" అని నవ్వి, కళ్లు తుడుచుకుంది. "ఈయనే గదా మామా?"

ఓబయ్య తెల్ల గీతను బొటనవేలితో చెరిపేశాడు.

"ఆయనే."

మరునాడు పొద్దున ఓబయ్య గూట్లో ఆరిన రాయి, చచ్చిపోయిన అతని భార్య గొంతుతో, "లేచినావా?" అంది. ఓబయ్య దాన్ని ఎత్తి బరువు చూడలేదు. పెంకును బావిలో పడేసి వచ్చి, "లేచినా" అని బదులిచ్చాడు.